పది రూపాయల బిళ్ల, ఎనభై పండ్ల బ్లేడు

అక్క అడిగింది బతుకమ్మ పెట్టుకునేటందుకు ఒక పీట. బజార్ల దొరుకుతది. కానీ మా బావ బ్యాంకు ఆఫీసరు, రిటైర్మెంటు దగ్గరవడ్డది. హన్మకొండల ఎవరో ఫర్నిచర్ దుకాణం ఎత్తేస్తున్నరని ఇని, పోయి చెక్క కోసే పాత టేబుల్ సా మిషను ఆటో ట్రాలీల ఏస్కొచ్చిండు.

దాని ఇనుప బల్ల నిండ తుప్పు. డీజిల్ పోసి ఎమరీ పేపరుతోని రుద్దుతుంటే అక్క ఏసిన ముగ్గు మీదికెల్లి ఎర్రనీళ్లు పారినయి. తుప్పు పోయినంక మైనం రుద్దాలె, మళ్ల తుప్పు పట్టది, చెక్క సాఫీగ జారుతది. కరెంటు పోతె ముట్టిచ్చుకునే కొవ్వొత్తులు అట్ల ఖతమైనయి. బెల్టు, బేరింగులు కొత్తయి. ఆ బిల్లులు అక్కకు దొరకకుంట ఇన్సూరెన్స్ ఫైల్ల దాచిండు.

ఇగ మిగిలింది బ్లేడు. స్టేషన్ రోడ్డు దుకాణంల సేటు అడిగిండు: "బ్లేడు ఎక్కే షాఫ్టు ఎంత సార్, 25.4 ఎం.ఎం.దా, 30దా?"

బావ జేబులకెల్లి పది రూపాయల బిళ్ల తీసి కౌంటర్ మీద వెట్టిండు. "గీనికంటె జరంత సన్నం."

సేటు తల ఎత్తలే. "పది బిళ్ల నడుస్తలేదు సార్, నోటియ్యిండ్రి."

అంతే, బావకు బ్యాంకు పూనింది. రిజర్వు బ్యాంకు ఏమన్నది, చెల్లే నాణెం వద్దనుడు ఎట్ల తప్పు అని మొదలువెట్టిండు. మొలలు కొననీకె వచ్చినోళ్లు గూడ ఆగి ఇన్నరు. ఆఖరికి సేటే కాలిపర్ తీసి బిళ్లను కొలిచిండు. 27. "అయితె మీది 25.4 సార్, అంగుళం. పండ్లెన్ని? 24, 40, 60, 80 ఉన్నయి."

అప్పటికే గొంతు ఆరిపోయిన బావ, "ఎక్కువున్నదే ఇయ్యి" అన్నడు.

ఇంటికొచ్చినంక అక్క ఒక్కటే షరతు పెట్టింది: చేత్తోని కాదు, కర్రతోనే నూకాలె. బావ టేకు పలకను పొడుగ్గ నూకిండు. జానెడు పోయిందో లేదో పొగ. ఎదురింటామె గోడ మీదికెల్లి "వదినా, పప్పు మాడుతుంది!" అని ఒర్రింది.

వడ్ల మేస్త్రి వచ్చి ముందుగాల బ్లేడు ఉల్టా బిగిచ్చిన్రా అని చూసిండు. లేదు. చెక్కను ఆనిచ్చి నూకే ఫెన్సు వంకర వోయిందా? అదీ లేదు. అప్పుడు పండ్లు చూసి నవ్విండు.

"పొడుగు కోతకు 24 పండ్లది గావాలె సార్. పంటికీ పంటికీ సందు పెద్దగుంటది, పొట్టు బయటవడ్తది. గీ 80దాంట్ల పొట్టు ఇరుకుతది, రాసుకొని కాలుతది. ఇది అడ్డకోతకు, ప్లైవుడ్డుకు. ఒక్కటే బ్లేడుతోని రెండూ నడవాలంటె 40ది పెట్టుకోండ్రి, గంత నున్నగ రాదు గని."

బావ బ్లేడు పట్కొని మళ్ల దుకాణం వోయిండు. నేనూ ఎనక వోయిన.

"వాడిన బ్లేడు వాపస్ తీస్కోం సార్."

"వద్దులే. 24ది ఇయ్యి" అని బావ సంచిల చెయ్యి వెట్టి బ్యాంకు నుంచి తెచ్చిన పది బిళ్లల మూట కౌంటర్ మీద బోర్లిచ్చిండు.

సేటు బిళ్లల దిక్కు చూసిండు, బావ దిక్కు చూసిండు. పిలగాన్ని పిలిచి, "మూడు చాయ్ చెప్పురా, లెక్కకు టైం వడ్తది" అన్నడు.