బటన్ బావమరిది జేబులో

తలకి నూనె రాసుకోకుండా రండి అని చెప్పడం కోనసీమలో అంత తేలికైన పని కాదు. మెదడు తరంగాల్నీ మనిషి బొమ్మనీ కలిపి రికార్డు చేసే వీడియో ఈఈజీ పరీక్షకి వచ్చే ఆసామికి (పేరెందుకు లెండి, ముమ్మిడివరం అవతల రొయ్యల చెరువులున్నాయనుకోండి) కాగితం మీద రాసి మరీ ఇస్తారు. ముందురోజు రాత్రి షాంపూతో తలంటుకోవాలి. నూనె, జెల్లు రాయకూడదు. బొత్తాల చొక్కా వేసుకోవాలి, తల మీంచి లాగే బనీను పనికిరాదు. ఆసామి అన్నీ బుద్ధిగా పాటిస్తాడు. తెల్లారి కారెక్కబోతుంటే ఇంటావిడకి మనసొప్పదు. "శుభమా అని బయల్దేరుతూ ఆ ఎండు తలేంటండీ" అని అరచేతిలో ఒక్క చుక్క వేసుకుని మాడు మీద అద్దుతుంది. ఆ ఒక్క చుక్కా యెదురులంక వంతెన దాటి, యానాం దాటి, కాకినాడ చేరేసరికి చెవుల దాకా దిగుతుంది.

అక్కడ టెక్నీషియన్ టేపు పెట్టి, ముక్కు పైన కనుబొమల మధ్య గుంట నుంచి తల వెనక బుడిపె దాకా కొలుస్తాడు. ఆ కొలతలో పదో వంతు, ఐదో వంతు చొప్పున పెన్సిలుతో గుర్తులు పెడతాడు. రెండు చెవులతో కలిపి 21 చోట్లు. ఒక్కో చోటా గరుకు జెల్ రుద్ది, తరంగాలు పట్టే ఎలక్ట్రోడ్ బిళ్ళ పెట్టి, మీద గాజుగుడ్డ ముక్క వేసి, కొలోడియన్ అనే జిగురు పోసి గాలితో ఆరబెడతాడు. వాసనకి కళ్ళు మండుతాయి. అంతా అయ్యాక ఇంపిడెన్స్, అంటే చర్మం దగ్గర కరెంటుకి ఎంత అడ్డుందో చూస్తే 5 కిలోఓమ్‌ల లోపు ఉండాల్సింది 40 చూపిస్తుంది. "నూనె రాశారా అండీ?" "అబ్బే, రాయలేదండి. ఒక్క చుక్కేనండి, ఆయ్."

ఆ ఒక్క చుక్కకే అంత రాద్ధాంతమా అంటే, అంతే మరి. మెదడు నుంచి తల చర్మం మీదికి చేరేది 10 నుంచి 100 మైక్రోవోల్టులు. ఈసీజీలో గుండె చూపించేది ఒక మిల్లీవోల్టు, అంటే దానికి పది నుంచి వంద రెట్లు. మధ్యలో నూనె పొర అడ్డొస్తే మెదడు తరంగాలు నలిగిపోతాయి, వాటి బదులు గోడలోని 50 హెర్ట్జ్ కరెంటు తెర మీద తాపీగా నడుస్తుంది. కాబట్టి మళ్ళీ తలంటు, మళ్ళీ టేపు, మళ్ళీ జిగురు. చివరికి వైర్లు ఊడకుండా తలంతా బ్యాండేజీ చుడతారు. ఫోటో ఊరికి వెళ్తుంది. పావుగంటలో ఫోన్లు: "ఆపరేషనైపోయిందటగా, మాటొస్తోందా?"

తలతో పాటు ఛాతీకీ వైర్లు అంటిస్తారు, ఈసీజీ కోసం. ఆసామి గొడవంతా దాని గురించే. "పరీక్ష తలకి కదండీ, గుండెల మీదెందుకిది? దురదెడుతోంది, పీకేద్దును." పీకద్దు బాబూ అని సిస్టరు పైన ఇంకో ప్లాస్టరు వేసి వెళ్తుంది.

ఇంతకీ ఆయనకున్న జబ్బేమిటి? చెరువు గట్టు మీద నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోతాడు. రెండు కొట్టుకుంటాడు, లేస్తాడు, మేత ఎంత పడిందని అడుగుతాడు. ఊళ్ళో దానికి ఫిట్స్ అని పేరు పెట్టారు, మాత్రలూ మొదలెట్టారు, పడటం మాత్రం ఆగలేదు. అరగంట ఈఈజీ తీస్తే అంతా బాగుందని వచ్చింది. ఇక్కడే చాలామంది పొరపడతారు. మూర్ఛ ఉన్నవాళ్ళలో కూడా సుమారు సగం మందికి మొదటి ఈఈజీలో ఏమీ కనిపించదు. నెలకోసారి వచ్చేది, సరిగ్గా ఆ అరగంటలోనే రమ్మంటే వస్తుందా? పులస కోసం ఏట్లో వల వేసినట్టు, వేసి కూర్చోవాలి. ఒక రోజు, రెండు రోజులు, ఒక్కోచోట వారం. అవసరమైతే మాత్రలు తగ్గిస్తారు, రాత్రి నిద్ర ఆపుతారు. అది ఆసుపత్రి మంచం మీద చెయ్యాల్సిన పని, ఇంట్లో సొంతంగా మాత్ర మానేసి చూసుకునేది కాదు.

1924లో జర్మనీలోని యేనాలో హాన్స్ బెర్గర్ మొట్టమొదట మనిషి తల మీంచి ఈ తరంగాలు పట్టాడు. నమ్మకం కుదిరి అచ్చు వేయించడానికి 1929 దాకా ఆగాడు. అంత జాగ్రత్త మనిషి కూడా ఆత్రేయపురం తాండ్ర తినే పేషెంటుని చూసి ఉండడు.

మామిడి తాండ్ర గుణం తెలిసిందే, నమిలే కొద్దీ నమలాలి. నమిలే కండరం కణత మీద, సరిగ్గా టీ3, టీ4 అని పేరున్న రెండు ఎలక్ట్రోడ్ల కిందే ఉంటుంది. దవడ ఒక్కసారి ఆడితే తెర మీద ఒక నల్లటి పొద లేస్తుంది. ఆసామి తాండ్ర ముక్క నోట్లో వేసుకుంటే ఎనిమిది నిమిషాలు పొదలే పొదలు, మెదడెక్కడుందో కనిపించదు. పళ్ళు తోమితే ఇంకా ఘోరం, ఒకే లయలో వచ్చే ఆ కదలికలు అచ్చం ఫిట్స్ గీతల్లా ఉంటాయి. జిగురు కింద దురదెట్టి పెన్ను క్యాపుతో గోక్కున్నా అంతే. ఏసీ పడదని ఆపించాడు. చెమటలోని ఉప్పు వల్ల గీతలు గీతలుగా ఉండక పైకీ కిందికీ తేలిపోవడం మొదలెట్టాయి. ఇది నమలడమా, గోకడమా, నిజంగా ఫిట్సా అని తేల్చడానికే ఎదురుగోడ మీద కెమెరా ఉంటుంది. తరంగమూ బొమ్మా ఒకే గడియారం మీద నడుస్తాయి.

ఇక బటన్. అది నొక్కితే రికార్డులో ఆ క్షణానికి ఒక గుర్తు పడుతుంది, అంతకు మించి ఏమీ జరగదు. ఒక తెరకి 10 సెకన్ల చొప్పున 48 గంటలంటే 17,280 తెరలు. గుర్తుంటే డాక్టరు ముందు అక్కడికే వెళ్ళి చూస్తాడు. ఈ సంగతంతా చెప్పి బటన్ బావమరిది చేతికిచ్చారు. మొదటిరోజు ఆయన దాన్ని కాఫీకి నొక్కాడు, ఫ్యాను తగ్గించడానికి నొక్కాడు, బావగారికి ఎక్కిళ్ళొస్తే వరసగా నొక్కాడు. సిస్టరు వచ్చి "పడిపోతేనే నొక్కాలండీ, ఊరికే నొక్కకూడదు" అని కసిరింది. బావమరిదికి రోషమొచ్చింది. రెండోరోజు పొద్దున్న బటన్ ఎవరూ ముట్టుకోకుండా చొక్కా జేబులో భద్రంగా పెట్టుకుని, పెసరట్టు తినడానికి కిందికి దిగాడు. వైరు పొడుగు చాలక ప్లగ్గు పీకి మరీ తీసుకెళ్ళాడు.

సరిగ్గా అప్పుడు ఊరి నుంచి కారు దిగింది. క్యారేజీలు, పూతరేకులు, తొమ్మిది మంది. ఆసామి మంచం అంచున కూర్చుని ఒక పూతరేకు విప్పబోతూ, కళ్ళు తేలేసి వెనక్కి వాలిపోయాడు.

ఇలాంటప్పుడు చెయ్యాల్సింది గోడ మీద అచ్చేసి ఉంది. బటన్ నొక్కాలి. దుప్పటి లాగేయాలి. కెమెరాకి అడ్డం నిలబడకూడదు. పేరు అడగాలి, చేతులెత్తమనాలి, ఒక మాట చెప్పి తర్వాత గుర్తుందా అని అడగాలి. ఒక పక్కకి తిప్పాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు. అయిదు నిమిషాలు దాటితే ఇంజక్షనుతో పరుగెత్తుకొచ్చేది సిస్టర్లే. ఆ కాగితం సరిగ్గా తోడల్లుడి వీపు వెనకాల ఉంది.

రికార్డులో వీడియో అంటే తోడల్లుడి గళ్ళచొక్కా. తెర నిండా అదే. కొసల్లో రెండు చీర అంచులు, ఒక క్యారేజీ మూత. ఆడియో మాత్రం దివ్యంగా ఉంది: "తాళాలు! తాళాలు!" "బీరువావి పనికొస్తాయా?" "ఇనుమైతే చాలు!" "ఉల్లిపాయ, ఉల్లిపాయ వాసన చూపించండి!" "కేంటీన్లో ఆమ్లెట్‌కి తరిగిందుంది!" రెండు చేతులూ ఇద్దరు పట్టుకుని రుద్దుతుంటే, కొట్టుకున్నది ఆయన చేతులా, పట్టుకున్నవాళ్ళ చేతులా దేవుడికి తెలియాలి. ఆ గోలలో అడుగునుంచి ఆసామి గొంతు ఒకటి: "ముందు నా మీంచి లేవండ్రా బాబూ."

తాళాలకి పేరెందుకొచ్చిందో చెప్పుకోవాలి. ఫిట్స్ మామూలుగా ఒకటి నుంచి మూడు నిమిషాల్లో దానంతటదే ఆగుతుంది. సొమ్మసిల్లడమైతే సెకన్లలో తేలిపోతుంది. తాళాలు వెతికి తెచ్చేసరికి ఎలాగూ ఆగే వేళవుతుంది, మార్కులు తాళాలు కొట్టేస్తాయి.

బటన్ గుర్తు లేదు, వీడియో లేదు. టెక్నీషియన్ ఆ కేకల్ని బట్టి సమయం పట్టుకుని తెర తిప్పాడు. అక్కడ ఫిట్స్ ఉంటే ఒకచోట పుట్టిన లయ పెరుగుతూ పక్కలకి పాకేది. ఒళ్ళు కొట్టుకుంటున్నా మెదడు తరంగాలు మెలకువలో ఉన్నట్టే ఉంటే అది మనసు ఒత్తిడితో వచ్చే రకం. నటన కాదు, దాని వైద్యం వేరు. ఈ రెండూ లేవు. ఆసామి పీకేద్దామనుకున్న ఈసీజీ వైరు గీత మాత్రం 16 సెకన్లు చదునుగా ఉంది. గుండె ఆగిన కొన్ని సెకన్లకి మెదడు తరంగాలు నెమ్మదించాయి, తర్వాత చదునైపోయాయి. గుండె మళ్ళీ కొట్టాక నెమ్మది తరంగాలు, ఆపైన మామూలు. రక్తం అందని మెదడు కూడా ఒళ్ళు నాలుగు కుదుపులు కుదుపుతుంది, చూసేవాళ్ళు ఫిట్స్ అనుకునేది దాన్నే.

డాక్టరు ఆసామిని గుండె డాక్టరు దగ్గరికి పంపించాడు, గుండె ఆగకుండా కొట్టించే పేస్‌మేకర్ మాట వచ్చింది. ఫిట్స్ మాత్రలు ఒక్కసారిగా కాకుండా ఎలా తగ్గించాలో రాసిచ్చాడు. గుండె 16 సెకన్లు ఆగి దానంతటదే కొట్టుకుందని చెబుతుంటే తోడల్లుడు చెయ్యెత్తాడు.

"దానంతటదే ఏంటండీ? తాళాలు పెట్టింది నేనండి."

టెక్నీషియన్ ఓపిగ్గా ఆడియో వినిపించాడు. తాళాల చప్పుడు 41వ సెకనులో ఉంది. అప్పటికి గుండె మొదలై 25 సెకన్లయింది.

తోడల్లుడు కాసేపు ఆలోచించాడు. "అంటే బీరువా తాళాలు కాబట్టి లేటయిందండి. గేటు తాళమైతే ఇంకా ముందే ఆడేది."