'మనవాళ్లేనా?'

హైదరాబాద్‌లో ఏ ఐటీ ఆఫీసులోనైనా అడిగి చూడండి, డైవర్సిటీ (అన్ని కులాల, వర్గాలవాళ్లూ కలిసి పనిచేయడం) అంటే అభ్యంతరం ఉందనేవాడు ఒక్కడూ దొరకడు. ఆన్‌లైన్ ట్రైనింగ్ వీడియోను మ్యూట్‌లో పెట్టి నెక్స్ట్, నెక్స్ట్ నొక్కేస్తే సర్టిఫికెట్ కూడా వచ్చేస్తుంది. అసలు సంగతి మధ్యాహ్నం క్యాంటీన్‌లో తెలుస్తుంది.

కొత్తగా చేరిన కుర్రాడు క్యారేజీ మూత తీస్తాడు. ఎదురుగా కూర్చున్న సీనియర్ 'మీదే ఊరు?' అంటాడు. తర్వాత జిల్లా, తర్వాత ఇంటిపేరు. అక్కడా తేలకపోతే (ఒకే ఇంటిపేరు నాలుగైదు కులాల్లో ఉంటుంది, పాపం అదో చిక్కు) నాన్నగారేం చేస్తారు, నాన్‌వెజ్ తింటారా అని చుట్టూ తిరిగొస్తాడు. ఇంత అవస్థా మనవాడా కాదా అని తేల్చుకోవడానికే. నిలదీస్తే 'ఊరికే మాటవరసకు అడిగా, నాకలాంటి పట్టింపుల్లేవు' అంటాడు. పట్టింపు లేనివాడికి ఆ వివరంతో పనేమిటో మాకైతే అర్థం కాదు.

ఉత్త కబుర్లేగా అనుకునేవాళ్లు రిఫరల్స్ (ఉద్యోగులే తమకు తెలిసినవాళ్లను ఖాళీలకు సిఫార్సు చేయడం) వైపు ఒకసారి చూడాలి. టీములో ఖాళీ ఉందని తెలియగానే ఆ కబురు ముందు చేరేది ఊరివాళ్లు, కాలేజీవాళ్లు, కులంవాళ్లు ఉండే వాట్సాప్ గ్రూపుకే. 'మనోడే, కాస్త చూడన్నా' అంటూ రెజ్యూమె అక్కడి నుంచే వస్తుంది, రిఫర్ చేసినవాడికి బోనస్ కూడా ముడుతుంది. ఆ గ్రూపులో లేనివాడికి అసలు కబురే అందదు. వాడు ఎలాగో తంటాలుపడి లోపలికొస్తే 'కోటా కేండిడేటేమో' అని గుసగుసలు. ప్రైవేటు కంపెనీల్లో కుల రిజర్వేషన్లే లేవన్న సంగతి ఆ క్షణాన ఎవరికీ గుర్తు రాదు.

ఇది సముద్రాలు కూడా దాటింది. 2023 ఫిబ్రవరిలో అమెరికాలోని సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా చట్టసభ ఆమోదించిన ఇలాంటి బిల్లును గవర్నర్ వీటో చేశారు. కులమనే మాట అక్కడి చట్టాల దాకా వెళ్లిందంటే, ఆవకాయతోపాటు దాన్నీ సూట్‌కేసులో సర్దుకెళ్లింది మన ఉపఖండం వాళ్లమే కదా!

పదిమంది పనిచేసేచోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలని 2013 నాటి చట్టం చెబుతోంది. కులం పేరుతో మాటపడ్డవాడికి అలాంటి కమిటీ లేదు. హెచ్‌ఆర్ దగ్గరికి వెళ్దామంటే, మొన్న ఇంటిపేరు ఆరా తీసింది ఆయనే కావచ్చు. కంపెనీలు ముందు ఆ కమిటీ వేయాలి, బయటివాళ్లను కూడా అందులో కూర్చోబెట్టాలి. రిఫరల్‌లో వచ్చే రెజ్యూమెల మీద మొదటి వడపోత అయ్యేదాకా పేరూ ఇంటిపేరూ కనిపించకుండా చేయాలి. దానికి పెద్ద ఖర్చేమీ కాదు, సాఫ్ట్‌వేర్ రాసేది మీరేగా.