ఆ పచ్చిక ఖాళీగా లేదు

క్యాంపస్ పచ్చికలో ఇండోర్ స్టేడియం కట్టాలంటూ ఒక మెసేజ్ అందరి ఫోన్లలో తిరుగుతోంది. దాని సారాంశం ఇది: జాగా ఖాళీగా పడి ఉంది, స్టేడియానికి కొంచెం చోటు చాలు, అందరూ ఆడుకోవచ్చు, ఆదాయం వస్తుంది, ఒక చెట్టు కొడితే రెండు నాటుతాం, సర్వేలో ఎక్కువమంది సరేనన్నారు, వద్దనేవాళ్లకు ఆటలంటే పడదు.

"ఖాళీ" దగ్గరే పేచీ. పొద్దున నడిచేవాళ్లు, సాయంత్రం బంతి తన్నేవాళ్లు, పరీక్షల టెన్షన్‌తో చెట్టు కింద వెల్లకిలా పడుకునేవాళ్లు అక్కడ రోజూ ఉంటారు. బుకింగ్ రసీదు ఉండదు కాబట్టి ఏ రిజిస్టర్‌లోనూ కనబడరు. వాన లెక్క కూడా చూడండి. పది వేల చదరపు మీటర్ల మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే లక్ష లీటర్ల నీళ్లు. పచ్చికలో చాలావరకు ఇంకుతాయి. రేకుల మీద, తారు మీద పడితే దాదాపు అన్నీ కాలువలోకే. ఆ కాలువను వెడల్పు చేసే ఖర్చు ఎస్టిమేట్‌లో వేశారా?

"కొంచెం చోటు చాలు" అన్నది సగం నిజం. బాస్కెట్‌బాల్ కోర్టు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు, అంటే 420 చదరపు మీటర్లే. కానీ చూడ్డానికి వచ్చేవాళ్లు కార్లలో వస్తారు. కారు నిలిపే చోటు, తిరిగే దారి కలిపి ఒక్కోదానికి సుమారు 25 చదరపు మీటర్లు కావాలి. 500 కార్లకు 12,500. మూడెకరాల పైమాటే! కోర్టుకు దాదాపు 30 రెట్లు. బొమ్మలో మాత్రం స్టేడియం చుట్టూ పచ్చగడ్డే వేశారు.

"అందరికీ" అనే మాటకు ఒక పాత కథ ఉంది. న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీ తన పక్కనున్న మార్నింగ్‌సైడ్ పార్కులో జిమ్ కట్టబోయింది. అది క్యాంపస్ నేల కాదు, నగరం పార్కు. పార్కు కింది వైపున నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉండే హార్లెమ్. వాళ్లకూ వాటా ఇస్తామన్నారు. తీరా ప్లాన్ చూస్తే ఇచ్చేది భవనంలో కొద్ది భాగం, అదీ దిగువన వేరే ద్వారం గుండా. 1968లో స్థానికులు, విద్యార్థులు తిరగబడ్డారు, పని ఆగిపోయింది. యూనివర్సిటీ తర్వాత తన సొంత క్యాంపస్‌లోనే, చాలావరకు నేల కింద జిమ్ కట్టుకుంది. పార్కులో తవ్విన గుంత చివరికి చెరువైంది. అందుకే అడుగుతున్నా: ఏ గంటల్లో ఎవరికి, ఎంత ఫీజుకి? రాసి ఇస్తారా?

ఆదాయం సంగతి. స్టేడియాల మీద ఆర్థికవేత్తల పరిశోధనలు చాలావరకు ఒకటే చెబుతున్నాయి: చెప్పినంత లాభం చుట్టుపక్కలకు రాదు. జనం మరోచోట ఖర్చుపెట్టే డబ్బే ఇక్కడికి మళ్లుతుంది. పోటీల్లేని రోజు కూడా కాపలా, కరెంటు, మరమ్మతు తప్పవు.

ఇక చెట్లు. రెండు మొక్కలు ఒక పెద్ద చెట్టంత నీడ ఇవ్వాలంటే ఇప్పుడు చదువుతున్నవాళ్ల పిల్లలు కాలేజీకి రావాలి.

అసలు తిరకాసు సర్వేలో ఉంది. "క్యాంపస్‌కు ఇండోర్ స్టేడియం కావాలా?" అని అడిగారు. నేనూ అవుననే టిక్ పెట్టాను. నేను షటిల్ ఆడతాను, బయట గాలికి అది ఎటు పోతుందో తెలీదు, వానాకాలమంతా రాకెట్ గోడకే. ఆటలంటే పడదనే మాట నాకు తగలదు. అయితే ఆ ఫారంలో స్థలం పేరు ఎక్కడా లేదు. స్టేడియానికి వేసిన నా ఓటును ఇప్పుడు పచ్చిక తీసెయ్యడానికి వేసినట్టు లెక్కేసి, నాకే మెసేజ్‌గా పంపుతున్నారు.

పాత పార్కింగ్ జాగాలోనా, పచ్చికలోనా, అసలు వద్దా? మూడు గళ్లు పెట్టి, ఖర్చూ ఫీజూ పక్కన రాసి, మళ్లీ అడగమనండి. ఏది గెలిచినా నాకు సమ్మతమే.