పెన్‌డ్రైవ్ సంగతి కూడా రాయాల్సింది

ల్యాప్‌టాప్‌కు ఏ యాంటీవైరస్ మంచిదో వ్యాసంలో బాగా చెప్పారు. కానీ మా హనుమకొండలో నేను చూసినంతవరకు వైరస్ ఎక్కువగా ఇంటికొచ్చేది పెన్‌డ్రైవ్‌తోనే. కాకతీయ యూనివర్సిటీ పిల్లలు ప్రాజెక్ట్ రిపోర్ట్ ప్రింట్‌కని జిరాక్స్ సెంటర్‌కు వెళ్తారు. అక్కడి సిస్టమ్‌కు అందరి పెన్‌డ్రైవ్‌లూ పెడతారు కదా! ఇంటికొచ్చి చూస్తే ఫోల్డర్ల స్థానంలో బాణం గుర్తున్న షార్ట్‌కట్లు. దయచేసి వాటిని క్లిక్ చేయొద్దు, టెన్షన్‌లో ఫార్మాట్ కొట్టొద్దు. చాలాసార్లు ఫైళ్లు పోవు, దాగి ఉంటాయంతే. ముందు విండోస్‌లోనే ఉన్న డిఫెండర్ అనే యాంటీవైరస్‌తో స్కాన్ చేయండి. తర్వాత పెన్‌డ్రైవ్ తెరిచిన విండోలో పైనున్న వ్యూ మెనూలో హిడెన్ ఐటమ్స్‌కు టిక్ పెట్టండి. అప్పటికీ కనబడకపోతే ఫోల్డర్ ఆప్షన్స్‌లో సిస్టమ్ ఫైళ్లను దాచే టిక్ తీసి చూడండి. అన్నట్టు, విండోస్ 10కు మామూలు సపోర్ట్, అంటే మామూలుగా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు, 2025 అక్టోబర్ 14తోనే ఆగింది. పాత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు అది కూడా చూసుకోండి.