సేఫ్ పీరియడ్ పరువు తీసింది క్యాలెండరే

"డేట్ ముందు వారం, తర్వాత వారం ఏం ఫర్వాలేదు." పెళ్లయిన కొత్తలో వదినలో స్నేహితురాళ్లో చెవిలో వేసే కుటుంబ నియంత్రణ పాఠం మొత్తం ఇంతే. దీన్ని నమ్ముకుని నెల తప్పి ఆస్పత్రికి వెళ్తే, "ఈ సహజ పద్ధతులు పనిచేయవమ్మా" అని డాక్టరమ్మ తేల్చేస్తుంది. పేచీ ఈ తీర్పుతోనే. ఆ ఇంట్లో సహజ పద్ధతిని ఎవరూ పాటించనే లేదు. క్యాలెండర్ మీద వేలు పెట్టి ఊహించారు, అంతే.

లెక్క వేసి చూద్దాం. అండం విడుదలయ్యేది రాబోయే నెలసరికి 12 నుంచి 16 రోజుల ముందు. 26 రోజులకోసారి నెలసరి వచ్చే మహిళకైతే, నెలసరి మొదలైన రోజును ఒకటిగా లెక్కిస్తే, 12వ రోజు అటూ ఇటూ. విడుదలైన అండం ఒక రోజుకు మించి బతకదు కానీ, వీర్యకణాలు అనుకూలమైన స్రావంలో 5 రోజుల దాకా బతుకుతాయి. అంటే ఆమెకు గర్భం నిలిచే రోజులు 7 నుంచి 12. రక్తస్రావం 5వ రోజుకు ఆగిందనుకుంటే, వదినగారు చెప్పిన 'తర్వాత వారం' ఏది? 6 నుంచి 12. తప్పించుకోవాల్సిన ఆరు రోజుల్నీ ఏరికోరి ఎంచుకున్నట్టయింది!

28 రోజుల చక్రం, 14వ రోజు అండం అన్న పాఠ్యపుస్తకం మాటా ఇంతే సంగతులు. 2019లో ఆరు లక్షలకు పైగా రుతుచక్రాల్ని పరిశీలిస్తే సరిగ్గా 28 రోజులున్నవి 13 శాతమే. ఫోన్లలో గులాబీ రంగు పూలతో కనిపించే యాప్‌లలో చాలావరకు చేసేదీ పాత తేదీల సగటు తీయడమే, అంటే అదే క్యాలెండర్. పైగా మన తేదీలు ఎటు పోతాయో వేరే సంగతి. ఫ్లో యాప్ వాడకందారుల ఆరోగ్య వివరాల్ని ఫేస్‌బుక్, గూగుల్ లాంటి సంస్థలతో పంచుకుందన్న ఆరోపణ మీద 2021లో అమెరికా వాణిజ్య కమిషన్‌తో రాజీ పడాల్సి వచ్చింది.

అసలు పద్ధతి వేరు. రెండు గుర్తులు కలిపి చూడాలి: ఉదయపు ఉష్ణోగ్రత, గర్భాశయ ముఖద్వారం నుంచి వచ్చే స్రావం. అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ పెరుగుతుంది, దాంతో ఒంటి వేడి కొద్దిగా పెరిగి వచ్చే నెలసరి దాకా అలాగే నిలుస్తుంది. ఆ కొద్ది తేడా పట్టుకోవాలంటే నిద్ర లేవగానే, కాలు కింద పెట్టకముందే, నాలుక కింద థర్మామీటర్ పెట్టుకోవాలి. రోజూ దాదాపు అదే వేళకు. అంకె వెంటనే రాసేయాలి, గుర్తుంటుందిలే అనుకుంటే ఉండదు.

ఇప్పుడు అంకెలు చూడండి. వరసగా ఆరు రోజులు 97.2, 97.1, 97.3, 97.2, 97.0, 97.2 డిగ్రీల ఫారన్‌హీట్ వచ్చాయి. వీటిలో గరిష్ఠం 97.3. తర్వాత మూడు రోజులు 97.5, 97.6, 97.7. మూడూ ఆ గరిష్ఠం కన్నా ఎక్కువే, మూడోది 0.4 డిగ్రీలు ఎక్కువ. వేడి పెరుగుదల ఖాయమైనట్టు. మూడోది 97.6 దగ్గరే ఆగిపోతే తొందరపడకూడదు, నాలుగో రోజు కూడా 97.3 పైనే ఉందో లేదో చూడాలి.

స్రావానిది మరో లెక్క. నెలసరి ఆగాక కొన్ని రోజులు పొడిగా ఉంటుంది. తర్వాత జిగటగా, మసకగా మొదలవుతుంది. ఈస్ట్రోజెన్ హార్మోన్ పెరిగేకొద్దీ పల్చబడి, గుడ్డు తెల్లసొనలా పారదర్శకంగా, వేళ్ల మధ్య సాగేలా మారుతుంది. ఇలా జారుడుగా ఉన్న ఆఖరి రోజు ఏదో మర్నాడు గానీ తెలియదు. ఆ రోజు దాటాక మూడు రోజులు లెక్కపెట్టాలి. స్రావం లెక్క, వేడి లెక్క రెండింటిలో ఏది ఆలస్యంగా పూర్తయితే ఆ సాయంత్రం నుంచి వచ్చే నెలసరి దాకా గర్భం రాని రోజులు. చక్రం మొదట్లో మాత్రం ఇంత ధీమా కుదరదు. నేర్చుకునేవాళ్లు మొదటి 5 రోజుల్నే భద్రమైనవిగా లెక్కించాలి. చక్రం ఎప్పుడైనా 26 రోజుల కన్నా తగ్గి ఉంటే, అతి చిన్నదాంట్లోంచి 20 తీసేస్తే వచ్చేదే ఆఖరి భద్రమైన రోజు. ఈలోపే జిగురు కనిపిస్తే ఆ రోజు నుంచే భద్రం కాదు.

ఇలా రెండు గుర్తులూ చూసే పద్ధతిపై జర్మనీలో 900 మంది మహిళల్ని పరిశీలించిన ఫలితాలు 2007లో వచ్చాయి. నియమాలన్నీ తు.చ. తప్పకుండా పాటించినవారిలో ఏడాదికి ప్రతి 1000 మందిలో నలుగురికి గర్భం వచ్చింది. పొరపాట్లన్నీ కలుపుకున్నా 100 మందికి 1.8. రోజూ వేసుకునే గర్భనిరోధక మాత్రల మామూలు వాడకంలో ఈ సంఖ్య 7 దాకా ఉంటుంది.

ఎక్కడ తప్పుతుందో కూడా తెలియాలి. జ్వరం వచ్చినా, నైట్ డ్యూటీ చేసినా, పసిబిడ్డ కోసం రాత్రంతా లేస్తూ కూర్చున్నా ఆ ఉదయపు అంకెను పక్కన పెట్టాలి. కలయిక మర్నాడు వీర్యం, స్రావం కలగాపులగమై ఏది ఏదో తెలియదు. వరలక్ష్మీ వ్రతానికో తిరుమల ప్రయాణానికో డేట్ వాయిదా వేసే మాత్రలు మింగితే ఆ నెల చార్టు చెత్తబుట్టలోకే. 72 గంటల మాత్ర వేసుకున్నా అంతే, అది అండం విడుదలనే వెనక్కి నెడుతుంది. పీసీఓడీ (అండం సక్రమంగా విడుదల కాని సమస్య) ఉన్నవారిలో స్రావం రెండు మూడు సార్లు వచ్చి పోతుంది, ఉష్ణోగ్రత పెరిగేదాకా దేన్నీ నమ్మకూడదు. ఇక కాన్పు తర్వాత నెలసరి రాలేదు కదా అన్న ధీమా మహా ప్రమాదం. మొదటి నెలసరి కన్నా ముందే అండం విడుదల కావచ్చు. బిడ్డకు ఆరు నెలలు నిండకపోవడం, రాత్రీ పగలూ తల్లిపాలే పట్టడం, నెలసరి మొదలవకపోవడం, ఈ మూడూ కలిస్తేనే పాలిచ్చే కాలం కాపాడుతుంది. ఒక్కటి తప్పినా వేరే దారి చూసుకోవాల్సిందే.

డాక్టర్ల అభ్యంతరం కొట్టిపారేసేది కాదు. అన్ని రకాల సహజ పద్ధతుల్నీ ఒకే గాటన కట్టి చూస్తే ఏడాదికి 100 మందిలో 2 నుంచి 23 మందికి గర్భం వస్తోందని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ అంటోంది. గర్భం వస్తే ముప్పు కాబట్టి గుండెజబ్బు ఉన్నవారికి, మూర్ఛకు వాల్‌ప్రోయేట్ మందు వాడేవారికి ఈ ప్రయోగం తగదు, కాపర్-టి లాంటిది నయం. సుఖవ్యాధుల్ని ఇది ఆపదు. "వద్దు" అంటే వినని భర్త ఉన్న ఇంట్లో ఏ చార్టూ నిలవదు. నిజమే. కానీ 2కీ 23కీ మధ్య ఉన్న అంత దూరం దేనివల్ల? ఏ పద్ధతి ఎంచుకున్నారు, దాన్ని సరిగ్గా నేర్పేవాళ్లు ఉన్నారా లేదా అన్నదే అందులో పెద్ద భాగం. మనకు లేనిదీ వాళ్లే.

ఆ లేమి ఖరీదు గర్భనిరోధంతో ఆగదు. మన ఊళ్లలో తెల్లబట్ట అంటే రోగమే. "ఒంట్లో వేడి", "బలం పోతోంది" అంటూ సబ్జా నీళ్లతో మొదలవుతుంది. తర్వాత ఆర్ఎంపీ సూది. ప్రభుత్వాస్పత్రికి వెళ్తే లక్షణాన్ని బట్టి ఇచ్చే పచ్చ ప్యాకెట్, అందులో సెక్నిడజోల్, ఫ్లూకోనజోల్ అనే ఇన్ఫెక్షన్ మందులు. దురద, మంట, దుర్వాసన, పెరుగు విరిగినట్టుండే తెలుపు, పచ్చదనం ఉంటే ఆ మందులు కావాల్సిందే. అవేవీ లేకుండా నెల మధ్యలో నాలుగైదు రోజులు పారదర్శకంగా సాగుతూ వచ్చి పోయేది మాత్రం అండం సిద్ధమవుతోందన్న కబురు. ఆ కబురుకు ఏళ్ల తరబడి మందులు మింగుతున్న ఆడవాళ్లు మన దగ్గర ఎందరో. తెల్లబట్టతో మొదలై, క్యాన్సర్ భయం మీదుగా, ముప్పైల్లోనే గర్భసంచి తీయించుకోవడం దాకా సాగే దారి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పల్లెలకు కొత్త కాదు. గర్భసంచి ఆపరేషన్లు దేశంలోనే ఎక్కువగా నమోదయ్యే రాష్ట్రాల్లో మన రెండూ ముందు వరసలో ఉన్నాయి. నెలలో ఏ రోజు ఏ స్రావం వచ్చిందో మూడు నెలలు రాసుకున్న కాగితం చేతిలో ఉంటే, ఆ దారిలో మొదటి మలుపు దగ్గరే చాలామంది వెనక్కి తిరిగేవారు.

ఎందుకు నేర్పలేదు? ప్రభుత్వానికి ఆడవాళ్ల నుంచి కావాల్సింది ఒక సంఖ్య కాబట్టి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఏదో ఒక పద్ధతి పాటిస్తున్న వివాహితలు 71.1 శాతం, అందులో 69.6 ఆడవాళ్ల కు.ని. ఆపరేషన్లే. మగవాళ్ల ఆపరేషన్, కండోమ్, మాత్ర, కాపర్-టి, సేఫ్ పీరియడ్ అన్నీ కలిపి మిగిలింది 1.5. 2022 ఆగస్టులో తెలంగాణలోని ఇబ్రహీంపట్నం కు.ని. శిబిరంలో ఒకేరోజు 34 మందికి ఆపరేషన్లు చేస్తే నలుగురు చనిపోయారు. ఇద్దరి కన్నా ఎక్కువ పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న 1994 నాటి నిబంధనను ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2024లో ఎత్తేసింది. ఇప్పుడు ఎక్కువమందిని కనమంటున్నారు. నిన్న ఆపమన్నారు, ఇవాళ కనమంటున్నారు. రెండు పిలుపుల్లోనూ ఆమెకు తన శరీరం లెక్క చెప్పినవాళ్లు లేరు. పిల్లలు కావాలనుకునేవారికి పనికొచ్చేదీ ఇదే చార్టు. తెల్లసొనలాంటి స్రావం ఏ రోజుల్లో వస్తుందో తెలియని జంటలూ నేరుగా ఫెర్టిలిటీ సెంటర్ మెట్లెక్కుతున్నాయి.

చేయాల్సింది పెద్ద పథకమేమీ కాదు. తల్లీబిడ్డల రక్షణ కార్డులో గళ్లతో ఒక పేజీ, మెడికల్ షాపులో దొరికే మామూలు డిజిటల్ థర్మామీటర్, ఏఎన్ఎంలకు శిక్షణ. థర్మామీటర్ వీలుకానివారికి, చక్రం 26 నుంచి 32 రోజుల మధ్యే ఉండేవారికి రోజుకో పూస చొప్పున లెక్కపెట్టే 32 పూసల మాల ఉంది. 8 నుంచి 19 దాకా తెల్లపూసలు, ఆ రోజుల్లో దూరం లేదా కండోమ్. సరిగ్గా వాడితే ఏడాదికి 100 మందిలో ఐదుగురికి, మామూలుగా వాడితే 12 మందికి గర్భం వస్తుంది, కాబట్టి అవాంఛిత గర్భం అసలే వద్దనుకునేవారికి ఇది చాలదు. మొదలుపెట్టే చోటు కాన్పు తర్వాత ఆరు వారాల చెకప్. భర్తను బయట బెంచీ మీద వదిలేయకుండా లోపలికి పిలవాలి, రోజూ అంకె రాసే పని అతనికే అప్పగించాలి. మొదటి మూడు చక్రాలు చార్టు రాస్తూనే ఎలాగూ కండోమ్ వాడాలి, ఆ సంగతి చెప్పాల్సిందీ అతనికే.