బ్రోలియో కోటలో ఏది పాతది?

ఇటలీలోని టస్కనీలో, సియెనాకు దగ్గరలో గయోలె పరిసరాల కొండ మీద ఉన్న బ్రోలియో కోట 1141 నుంచి రికాసోలి వంశానిది. ఆ సంవత్సరాన్ని వారి సంస్థ నేటికీ తన పేరు పక్కనే రాసుకుంటుంది. ఎస్టేట్ విస్తీర్ణం సుమారు 1,200 హెక్టార్లు, అందులో ద్రాక్షతోటలు 240, ఆలివ్ తోటలు 26 హెక్టార్ల వరకు ఉంటాయి. అయితే దాదాపు తొమ్మిది వందల ఏళ్లలో మారకుండా వచ్చినవేమిటని ఆరా తీస్తే కొండ, వంశం పేరు తప్ప పెద్దగా ఏవీ కనబడవు. ఆ పేరు మీది వైన్ వ్యాపారం కూడా మధ్యలో కొన్నాళ్లు పరాయి కంపెనీల పాలై, 1993లో గాని తిరిగి కుటుంబం చేతికి రాలేదు.

ఈ ప్రాంతపు ఎర్ర వైన్ కియాంటి. దాని 'సంప్రదాయ' మిశ్రమం కథే చూడండి. 1861లో తొలి ప్రధాని కవూర్ మరణానంతరం ఇటలీ ప్రధాని అయిన బెత్తీనో రికాసోలి, ఏళ్ల తరబడి చేసిన ప్రయోగాల సారాన్ని 1872లో పీసా విశ్వవిద్యాలయ ఆచార్యుడు స్తుదియాతికి ఉత్తరంగా రాశాడు. వైన్‌కు సువాసన, బిగువు సాంజోవేజే ద్రాక్షతో వస్తాయని, దాని కరుకుదనాన్ని 'కనాయోలో' అనే మరో నల్ల ద్రాక్ష తగ్గిస్తుందని, మాల్వాసియా అనే తెల్ల ద్రాక్ష రోజువారీ వైన్‌కు పనికొస్తుంది గాని నిల్వ చేసేదాంట్లో లేకపోయినా ఫరవాలేదని అందులో వివరించాడు. ఈ చివరి మాటే నిబంధనలు రాసినవారి తలకెక్కలేదు. కియాంటి పేరుతో అమ్మే వైన్‌కు 1967లో వచ్చిన ప్రభుత్వ నిబంధనలు 10 నుంచి 30 శాతం దాకా తెల్ల ద్రాక్షను తప్పనిసరి చేశాయి. పల్చబడిన వైన్‌తో పాటు కియాంటి పరువూ పల్చబడింది. చివరికి 2006 నుంచి, బ్రోలియో ఉన్న పాత కియాంటి ప్రాంతపు వైన్ అయిన కియాంటి క్లాసికోలో తెల్ల ద్రాక్షను పూర్తిగా నిషేధించారు.

పర్యాటకులు ముచ్చటపడి ఫొటోలు తీసుకునే తీరైన ద్రాక్ష వరుసలు కూడా అంత పాతవి కావు. ఒకప్పుడు ఇక్కడ 'మెజాద్రియా' నడిచేది. మన పల్లెల్లో సగపాలుకు చేసే సేద్యం లాంటిదే. భూమి, ఇల్లు దొరవి, చాకిరీ రైతు కుటుంబానిది, పంట చెరిసగం. తన తిండి తానే పండించుకోవాల్సిన రైతు ఒకే చేలో ధాన్యం, ద్రాక్షతీగ, ఆలివ్ చెట్టు కలిపి పెంచేవాడు. 1964 చట్టం ఇలాంటి కొత్త ఒప్పందాలను నిషేధించేనాటికే యువతరం పట్నాల బాట పట్టింది. యంత్రం తిరగడానికి వీలైన వరుసలు ఆ తర్వాతే విస్తరించాయి.

ఆలివ్ సంగతి మరీ విచిత్రం. వైన్ ఏళ్ల తరబడి నిలుస్తుంది, నూనె మాత్రం ఏడాదిన్నరకే కళ తప్పుతుంది. అక్టోబరు, నవంబరుల్లో కోసిన కాయ ఆలస్యం లేకుండా గానుగకు చేరాలి. అందుకే నూనె సీసా కొనేటప్పుడు నేను వంశవృక్షం కన్నా పంట సంవత్సరమే ముందు చూస్తాను. ఇక చెట్ల విషయానికొస్తే, 1985 జనవరిలో టస్కనీని ముంచెత్తిన చలికి ఆలివ్ మానులు నిలువునా చీలి ఎండిపోయాయి. రైతులు వాటిని నేలమట్టానికి నరికేశారు. వేళ్లు మాత్రం చావలేదు. ఈనాడు ఆ తోటల్లో నడిస్తే ఒకే పాత మోడు చుట్టూ మూడు నాలుగు సన్నని కాండాలు గుండ్రంగా లేచి ఉండటం కనిపిస్తుంది. అవన్నీ ఆ ఏటి తర్వాత వేసిన పిలకలే.