ఎక్కడ కూర్చుని పని చేస్తున్నామన్నదే అసలు లెక్క

"క్లయింట్ వేరే దేశంలో ఉన్నాడు, డబ్బులు వేరే దేశం అకౌంట్లో పడతాయి, ఇక ఇక్కడి ప్రభుత్వానికి నాతో పనేంటి?" వేరే దేశం వెళ్లి అక్కడి నుంచి పని చేసే ఫ్రీలాన్సర్ల (సొంతంగా పని చేసుకునేవాళ్ల) నోట ఈ మాట విన్నప్పుడల్లా నాకు భయమేస్తుంది. చాలా దేశాల చట్టాలు ముందు చూసేది ల్యాప్‌టాప్ తెరిచినప్పుడు నువ్వు ఏ గడ్డ మీద ఉన్నావన్నదే. అమెరికాలో కూర్చుని చేసిన పనికి ఏ దేశం క్లయింట్ డబ్బులిచ్చినా అది అమెరికా ఆదాయమే. మినహాయింపు లేకపోలేదు: విదేశీ సంస్థ తరఫున పని చేస్తూ, ఏడాదిలో 90 రోజులు మించకుండా ఉండి, ఆ పనికి 3,000 డాలర్లు దాటకుండా తీసుకుంటే సరే. ఒక మోస్తరు ప్రాజెక్టుకే దాటిపోయే మొత్తం అది.

ఇక 183 రోజుల సంగతి. ఎవర్ని అడిగినా "183 దాటకపోతే ట్యాక్స్ లేదు" అని మంత్రంలా చెప్పేస్తారు, వీడియోలు చేసి మరీ చెబుతారు. ఆ అంకె ఒక చోట, చాలా దేశాలు మనిషిని ట్యాక్స్ రెసిడెంట్‌గా, అంటే పన్ను విషయంలో తమ దేశవాసిగా, లెక్కేసే గీత. ఇంకో చోట, ఓఈసీడీ అనే దేశాల కూటమి తయారుచేసిన నమూనా పన్ను ఒప్పందంలో (దేశాలు తమ మధ్య పన్ను ఒప్పందాలకి వాడుకునే మూసలో) 15వ ఆర్టికల్‌లో వస్తుంది, అది ఉద్యోగుల జీతాల గురించి. సొంతంగా పని చేసుకునేవాళ్లకి విడిగా ఉన్న 14వ ఆర్టికల్‌ని 2000లో తీసేసి, వాళ్లని 7వ ఆర్టికల్ కింద వ్యాపార లాభాల్లో కలిపేశారు. అక్కడ చూసేది ఆ దేశంలో నీకు స్థిరమైన ఆఫీసు లాంటిదేమైనా ఉందా అని. చాలా పాత ఒప్పందాల్లో మాత్రం 14 ఇంకా బతికే ఉంది. కాబట్టి మీ రెండు దేశాల మధ్య ఉన్న ఒప్పందం తెరిచి చూడకుండా ఎవరు ఏ అంకె చెప్పినా నమ్మకండి.

వీసా లెక్క వేరే. షెంగెన్ దేశాల్లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల్లో) టూరిస్టుగా 180 రోజుల్లో 90 రోజులు ఉండనిస్తారు, కానీ ఉండొచ్చు అంటే పని చేసుకోవచ్చు అని కాదు. ఎస్టోనియా బయటి దేశాల వాళ్లకిచ్చే డిజిటల్ గుర్తింపు, ఈ-రెసిడెన్సీ, తీసుకుని అక్కడ ఉండే హక్కు వచ్చేసిందనుకునేవాళ్లూ ఉన్నారు. దాంతో కంపెనీ పెట్టుకోవచ్చు అంతే. ఉండాలంటే ఆన్‌లైన్లో బయటి దేశాలకి పని చేసేవాళ్ల కోసం 2020లో తెచ్చిన డిజిటల్ నోమాడ్ వీసానో ఇంకోటో వేరేగా కావాలి.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది థాయ్‌లాండ్ ఉదాహరణ. 2024లో ఇలా దూరం నుంచి పని చేసేవాళ్లూ తీసుకోగలిగే ఐదేళ్ల డీటీవీ వీసా తెచ్చారు, ఒక్కసారి వెళ్తే 180 రోజులు ఉండొచ్చు. ఒక క్యాలెండర్ ఏడాదిలో 180 రోజులు నిండితే అక్కడ ట్యాక్స్ రెసిడెంట్. అంటే వీసా ఇచ్చిన గడువు ఒకే ఏడాదిలో పూర్తిగా వాడుకుంటే పన్ను గీత మీదకి వచ్చి నిలబడతావు. అదే 2024 నుంచి రెసిడెంట్లు బయట దేశాల్లో సంపాదించి లోపలికి తెచ్చే డబ్బు మీద నిబంధన కూడా బిగించారు. ఒకే ప్రభుత్వంలో ఒక శాఖ రమ్మంటుంది, ఇంకో శాఖ లెక్క చెప్పమంటుంది. వాళ్లకి పన్ను వేసే హక్కు లేదని నేననను, రోడ్లూ ఆసుపత్రులూ మనమూ వాడతాం. వీసా చేతికిచ్చే రోజే, ఇన్ని రోజులు దాటితే ఇంత, ఫలానా చోట రిజిస్టర్ చేసుకో అని ఒక్క కాగితం ఎందుకివ్వరు?

ఫారాలు చూడండి. వర్క్ పర్మిట్ దరఖాస్తులో యజమాని పేరు, చిరునామా, సంతకం అడుగుతారు. నలుగురు క్లయింట్లకి ఇన్వాయిస్ పంపే మనిషి ఆ గడిలో ఎవరి పేరు రాయాలి? తన పేరు రాస్తే యజమాని లేడని తిప్పి పంపుతారు, ఒక క్లయింట్ పేరు రాస్తే "మరి నువ్వు వాళ్ల ఉద్యోగివే కదా" అని కొత్త తగువు మొదలవుతుంది. జర్మనీ లాంటి చోట సొంతంగా పని చేసేవాళ్లకి ప్రత్యేక పర్మిట్ ఉంది, కానీ ఒకే క్లయింట్ మీద ఆధారపడితే ముసుగేసుకున్న ఉద్యోగమంటూ మళ్లీ పట్టుకుంటారు.

కంపెనీలేమో కాంట్రాక్టు చివర్లో "పన్నులు, అనుమతులు అన్నీ కాంట్రాక్టరే చూసుకోవాలి" అని ఒక లైన్ రాసి చేతులు దులిపేసుకుంటాయి. మన పని వల్ల లాభపడేది వాళ్లు, లాయర్లు ఉండేది వాళ్లకి, జరిమానా మాత్రం మనకి. ఆ లైన్ కనిపిస్తే సంతకం పెట్టే ముందే ఆగి, ఏ దేశంలో కూర్చుని పని చేస్తానో కాంట్రాక్టులో రాయించండి, ఆ దేశంలో సలహాదారు ఫీజు ఎవరు కడతారో కూడా అప్పుడే అడగండి.